‘బ్లూ రన్’ని తెలుగులో ఏమందాం? వాలా, వాటమా?

ఆస్ట్రియాలో స్కీయింగ్ (మంచు వాలు మీద జారే ఆట) గురించిన వ్యాసమొకటి తెలుగు చేస్తూ ‘బ్లూ రన్’ (నీలం గుర్తున్న జారుదారి) దగ్గర ‘ఓ మోస్తరు కష్టమైన వాలు’ అని రాసేశాను. అంతకుముందే అమెరికా వ్యాసమొకటి చేసి ఉన్నాను. అక్కడ వాలు ఎంత కష్టమో చెప్పే గుర్తుల్లో ఆకుపచ్చ గుండ్రం సులువు, నీలి చతురస్రం మధ్యరకం, నల్ల డైమండ్ కష్టం, రెండు డైమండ్లుంటే ఆరితేరినవాళ్లకే. అదే ఊపులో ఇదీ కానిచ్చేశా. అచ్చయ్యాక తెలిసింది, ఆస్ట్రియాలో నీలమే అన్నిటికన్నా సులువట! దాని పైన ఎరుపు, ఆ పైన నలుపు. ఫ్రాన్స్‌లోనేమో నీలానికి కింద ఆకుపచ్చ కూడా ఉంది. రంగును రంగుగానే ఉంచి, ఏ దేశమో చెప్పాలన్నమాట. అంతవరకు సరే.

సందేహమల్లా ‘వాలు’ మీద. ఆస్ట్రియాలో నీలం సుమారు 25 శాతం లోపు, ఎరుపు 40 లోపు, దాటితే నలుపు. ‘40 శాతం వాలు’ అంటే మా ఇంట్లో అందరూ ‘దాదాపు సగం నిటారు’ అనుకున్నారు. 100 శాతమంటేనే 45 డిగ్రీలు. 40 శాతం 22 డిగ్రీలు కూడా ఉండదు. దీన్ని సులువుగా చెప్పే మాటేదైనా ఉందా?

— ‘ఏటవాలు’ ఉంది కదండీ.

— ఉంది గానీ, పెంకుటింటి కప్పూ ఏటవాలే, కొండచరియా ఏటవాలే. ఎంత అన్నది అందులో లేదు.

— మా నాన్న మేస్త్రీ అన్నా, ఉప్పల్ దిక్కు పని చేస్తడు. స్లాబు మీద నీళ్లు నిలవొద్దంటే ‘పదడుగులకు అంగుళం వాటం పెట్టు’ అంటడు. శాతం లెక్క కూడా అదే కదా?

— అచ్చంగా అదే! పదడుగులకు రెండున్నర అడుగులు దిగితే 25 శాతం, నాలుగు దిగితే 40. ‘పదడుగులకు నాలుగడుగుల వాటం’ అని రాస్తే మా అమ్మకు కూడా కళ్లకు కడుతుంది. చేతివాటం, గాలివాటం తప్ప అసలు వాటం గుర్తే రాలేదు నాకు.

— అమెరికాకు మాత్రం ఈ కొలత వాడకండి. అక్కడ ఏ రిసార్టుకు ఆ రిసార్టే తన వాలుల్ని ఒకదానితో ఒకటి పోల్చి గుర్తులు పెట్టుకుంటుంది. ఒకచోటి నీలం ఇంకోచోట నలుపు కావచ్చు.

— ‘బ్లాక్ డైమండ్’ని నల్లవజ్రం అని మాత్రం అనకండి, దండం పెడతాను. అది రత్నం కాదు, పేకముక్క మీది డైమను ఆకారం.

— మరి పేకలో డైమను ఎర్రగా ఉంటుంది కదండీ. ‘నల్ల డైమను’ అంటే మా బాబాయి ముక్కలు మళ్లీ కలపమంటాడు.