పతకానికి కొలికి ఉంటుందా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. గౌ, రాబర్ట్స్, కాంగ్రీవ్ అనే మూడు బ్రిటిష్ సైనిక కుటుంబాల పతకాల మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. తండ్రికీ కొడుక్కీ కూడా విక్టోరియా క్రాస్, అంటే బ్రిటన్‌లో అన్నిటికన్నా పెద్ద సాహస పతకం, వచ్చిన ఇళ్ళు ఈ మూడే. సగానికి పైగా రాశాక ఒక చిన్న మాట దగ్గర ఆగిపోయాను.

యుద్ధపతకం రిబ్బను మీద అడ్డంగా సన్నని లోహపు ముక్క ఒకటి ఉంటుంది. ఏ పోరులో పాల్గొన్నారో ఆ పేరు దాని మీద ఉంటుంది. ఇంగ్లీషులో క్లాస్ప్ అంటారు. తెలుగులో కొలికి అనవచ్చా?

ఈ మాట అవసరం నాకు ఒక గుర్రం వల్ల పడింది. 1880 ఆగస్టులో ఫ్రెడరిక్ రాబర్ట్స్ సుమారు 10,000 మంది సైన్యంతో కాబూల్ నుంచి కాందహార్‌కు మూడు వారాల్లో చేరాడు. ఆయన తెల్లగుర్రం పేరు వోనొలెల్. విక్టోరియా రాణి ఆ గుర్రానికి కూడా అఫ్ఘాన్ యుద్ధపతకం, దాని మీద నాలుగు క్లాస్ప్‌లు, ఆ ప్రయాణం చేసినవాళ్ళకిచ్చిన కాబూల్–కాందహార్ నక్షత్రం అనే పతకం ఇచ్చింది. రాబర్ట్స్ ఇంటి పతకాల గురించి రాస్తూ దాన్ని వదలబుద్ధి కాలేదు.

భద్రాచలం నుంచి:
అమ్మా, కొలికి సంగతి తర్వాత చూద్దాం, ముందు పతకం. సంస్కృతంలో పదకం, మన నోట పతకం అయింది. మనకది మొదట నగ. మా ఊళ్ళో పుట్టినవాడికి ఆ మాట వినగానే రామదాసు గొంతు వినిపిస్తుంది: "సీతమ్మకు చేయిస్తి చింతాకు పతకము రామచంద్రా". వెంటనే ఆ పతకానికి పట్టిన పదివేల వరహాల లెక్క. అంటే పతకం అన్నాక బంగారం, రాళ్ళు, ఖరీదు గుర్తుకొస్తాయి. విక్టోరియా క్రాస్ మామూలు కంచు. శత్రువుల దగ్గర పట్టుకున్న ఫిరంగులను కరిగించి తీసినది. కాబూల్–కాందహార్ నక్షత్రమూ అంతే, కాందహార్ దగ్గర రాబర్ట్స్ చేతిలో ఓడిన అయూబ్ ఖాన్ ఫిరంగుల లోహం. లోహానికి విలువ లేకపోవడమే ఆ పతకం గొప్పదనం అని మీ వ్యాసంలో ఒక్క వాక్యమైనా రాయండి, లేకపోతే మన పాఠకుడు బంగారమే అనుకుంటాడు.

ఇంకొకటి. దయచేసి ఒత్తు పడనివ్వకండి. పథకం వేరు, పతకం వేరు. పత్రికల్లో "బంగారు పథకం" చూసిన ప్రతిసారీ నాకు ప్రాణం చివుక్కుమంటుంది.

కరీంనగర్ నుంచి:
మాది అవుసలోళ్ళ ఇల్లు. మూడు తరాల సంది బంగారం పనే. కొలికి అంటే హారం రెండు కొసలు కలిసే కాడ ఉండేది. దాన్ని పెడితేనే హారం మెడల నిలుస్తది. కంటికొలికి అన్నా గంతే, రెండు రెప్పలు కలిసే మూల. పంచాయితీ కొలిక్కి వచ్చింది అంటే కొసలు కలిసినయని. మీరు చెప్పే ముక్క దేన్నీ కలుపుతలేదు, రిబ్బను మీద పేరు మోసుకొని ఉంటది, అంతే. దాన్ని కొలికి అంటే పనిచేసెటోనికి నచ్చది.

పట్టీ అందామంటే కాళ్ళ పట్టీలు యాదికొస్తయి. నేనైతే బద్ద అంట. కొబ్బరి బద్ద, వెదురు బద్ద... సన్నగ, అడ్డంగ ఉండేది. కొలిచే బద్ద కొలబద్ద అయినప్పుడు పేరు మోసే బద్ద పేరుబద్ద ఎందుకు కావద్దు?

విశాఖ నుంచి:
పేరుబద్ద బాగుంది. నావికాదళంలో ఉండి వచ్చినవాణ్ణి కాబట్టి ఒక జాగ్రత్త చెబుతాను. ఇలాంటి ముక్కే ఇంకొకటి ఉంది, దాన్ని బార్ అంటారు. అది పోరు పేరు చెప్పదు. అదే సాహస పతకం రెండోసారి వచ్చిందని చెబుతుంది. విక్టోరియా క్రాస్‌కు బార్ వచ్చినవాళ్ళు ముగ్గురే: మార్టిన్-లీక్, చవాస్, అప్‌హామ్. దీన్ని పేరుబద్ద అనకండి. "రెండుసార్లు వచ్చింది" అంటే సరిపోతుంది, కొత్త మాట అక్కర్లేదు.

క్రియ గురించి కూడా. "పతకం సాధించాడు" అని రాయకండి, అది పరుగుపందెం భాష. జాన్ గౌ సంగతే చూడండి. 1903 ఏప్రిల్ 22న సోమాలీలాండ్‌లో దరాటోలే దగ్గర, దెబ్బతిన్న ఒక అధికారిని కాపాడటానికి వాకర్, రోలండ్‌లతో కలిసి తెగించాడు. దళనాయకుడు తనే కాబట్టి నివేదిక తనే రాయాలి. వాళ్ళిద్దరినీ పొగిడి తన పాత్రను తగ్గించి రాశాడు. వాళ్ళకు విక్టోరియా క్రాస్ ముందు వచ్చింది. అసలు సంగతి బయటపడ్డాక 1904 జనవరిలో ఈయనకూ ఇచ్చారు. అలాంటివాడు "సాధించాడు" అంటే ఆయనకు అన్యాయం చేసినట్టే. పత్రికలు అరగదీసిన మాటే అయినా, ఇక్కడ "వరించింది" సరిగ్గా అతుకుతుంది.

ఆయన తండ్రి చార్లెస్‌కు, పినతండ్రి హ్యూకు 1857–58 పోరాటాల్లోనే ఆ పతకం వచ్చింది. చార్లెస్ చేసిన పనుల్లో ఒకటి, రోహ్తక్ దగ్గర ఖర్ఖోదాలో గాయపడిన తమ్ముణ్ణి కాపాడటం. ఆ తమ్ముడే హ్యూ.

హైదరాబాద్ నుంచి:
1857 అన్నారు కాబట్టి మనవాళ్ళ మాట ఒకటి. ఉత్తరాదిలో కంపెనీ సిపాయిని "తిలంగా" అనేవాళ్ళు, తొలి సిపాయిలు ఈ వైపు నుంచి వెళ్ళినందుకు. ఆ ఏడు ఢిల్లీలో తిరుగుబాటు చేసినవాళ్ళు అవధ్ వైపు మనుషులైనా ఊరి జనం వాళ్ళనూ తిలంగీలే అన్నారు. గౌ సోదరులు, రాబర్ట్స్ ఆ పతకాలు తెచ్చుకున్నది ఆ "తిలంగీల" మీద పోరాడి. తర్వాత 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉన్న రాబర్ట్స్, దక్షిణాది సిపాయిల్లో పోరాట పటిమ పోయిందని తేల్చేశాడు. సిపాయికే పేరైన మాట మనది, ఆ తీర్పు పడిందీ మన మీదే. పైగా 1911 దాకా భారతీయ సైనికులు విక్టోరియా క్రాస్‌కు అర్హులే కారు. వ్యాసం తెలుగులో రాస్తున్నారు కాబట్టి ఇది అందులో ఉండాలని నా కోరిక.

ప్రశ్న వేసినవారు:
తిలంగా సంగతి తప్పకుండా చేరుస్తానండీ. కరీంనగర్ అన్నగారి పేరుబద్దే ఖాయం: "వోనొలెల్ పతకం మీద నాలుగు పేరుబద్దలు."

విశాఖ మాస్టారు చెప్పాక క్రియలన్నీ మళ్ళీ చూసుకున్నాను. ఒక్కచోట "వరించింది" కూడా చేదుగా తగిలింది. రాబర్ట్స్ కొడుకు ఫ్రెడ్డీ 1899 డిసెంబరు 15న దక్షిణాఫ్రికాలో కోలెన్సో దగ్గర ఫిరంగులను వెనక్కి తేబోయి కూలాడు. గాయపడి ఉండి కూడా అతన్ని తీసుకురావడానికి వెళ్ళినవాళ్ళలో వాల్టర్ కాంగ్రీవ్ ఒకడు. ఫ్రెడ్డీ రెండు రోజులకు పోయాడు. ఇద్దరికీ విక్టోరియా క్రాస్ ప్రకటించారు. ఆ కాంగ్రీవ్ కొడుకు బిల్లీ కూడా 1916 జూలై 20న సోమ్ యుద్ధంలో చనిపోయాడు, అతనికీ ఆ పతకమే. చనిపోయిన పిల్లవాణ్ణి పతకం వరించడమేమిటి? కొట్టేశాను. భద్రాచలం పెద్దాయన గుర్తుచేసిన సీతమ్మ పతకం మనసులో ఉండగానే ఇలా మార్చాను: "ఫ్రెడ్డీ పతకం రాణి చేతుల మీదుగా అతని తల్లికి చేరింది."