ఆర్మీ బండి 800 కిలోల లెక్కలో మనుషులు కూడా కలుస్తరా?

మాది మిర్యాలగూడ. వచ్చే నెల 12న బెంగళూరులో ఎస్‌ఎస్‌బీ (ఆర్మీ ఆఫీసర్ల ఎంపిక ఇంటర్వ్యూ) ఉంది. అందులో లెక్చరెట్ అని చిన్న ప్రసంగం ఉంటది, దాని ప్రాక్టీసుకు ఆర్మీ తేలికపాటి బండ్ల ఎంపిక అనే టాపిక్ తీసుకున్న. మూడు నిమిషాల్లో చెప్పాలె, ఒక్క కాడ ఆగిపోతున్న.

ఆర్మీ పాత బండి మారుతి జిప్సీ 500 కిలోల తరగతి, 1.3 లీటర్ల పెట్రోల్ ఇంజను, గుడ్డ టాపు. దాని బదులు ఆర్మీ అడిగింది కనీసం 800 కిలోల పేలోడ్ (బండి మోసే బరువు), గట్టి టాపు, ఏసీ. ట్రయల్స్‌లో టాటా, మహీంద్రా రెండూ నిలబడ్డయి. ధర తక్కువని 2017లో టాటా సఫారీ స్టోర్మ్‌కు 3,192 బండ్ల ఆర్డర్ పోయింది. 2023 జనవరిలో మహీంద్రా స్కార్పియో క్లాసిక్‌కు 1,470, జులైలో ఇంకో 1,850.

పీటముడి ఆ 800 కాడనే. దొరికిన వార్తలన్నీ చదివిన, అన్నిట్లో అంకె రాసి వదిలేసిన్రు. మా చిన్నాయన ఆర్మీలో జిప్సీ నడిపిండు. "సామాను వేరు, మనుషులు వేరు రా" అంటడు. కోచింగ్ సార్ అన్నీ కలిపే అంటడు.

మొన్న ఆదివారం మిల్లు వేబ్రిడ్జి మీద అయిదుగురం బ్యాగులు తగిలించుకొని నిలబడితే 420 కిలోలు చూపించింది. సార్ మాటే నిజమైతే జిప్సీలో మిగిలేది 80. వైర్‌లెస్ సెట్టు, బ్యాటరీలు, జెర్రీక్యాన్లు పెడితే అయిపాయె. చిన్నాయనేమో నవ్వి, "దాంట్ల ఎనిమిది మందిమి పోయినం" అన్నడు. అది లెక్క కాదు గదా!

ఆర్మీలో బండ్లు చూసుకున్నోళ్లు ఎవరన్నా చెప్పండి: జీఎస్ 800 (జనరల్ సర్వీస్, 800 కిలోల తరగతి) అంటే డ్రైవర్‌తో సహా మనుషుల బరువు ఆ 800లోనేనా, విడిగానా?