పీపీపీఓఈలోనే ఉండాలా, ఐపీఓఈకి మారాలా?

టెక్కలి కేబుల్
అందరికీ నమస్కారం. మాది టెక్కలి, కోటబొమ్మాళి వైపు ఫైబర్ నెట్‌వర్క్. కనెక్షన్లు 1200 దాకా ఉన్నాయి. ఇళ్లలో ఓఎన్‌యూలు (ఫైబర్ వచ్చి తగిలే పెట్టెలు), ఆఫీసులో ఓఎల్‌టీలు (ఆ ఫైబర్లన్నీ వచ్చి కలిసే పెట్టెలు), వాటి పైన ఒకే రౌటర్. కస్టమర్లందరూ పీపీపీఓఈతో, అంటే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో, ఆ రౌటర్‌లోకే లాగిన్ అవుతారు. ప్లాను, స్పీడు, గడువు రేడియస్ సర్వర్ చూసుకుంటుంది. ఇప్పుడు ఆ రౌటర్ మార్చాలి. సామాను అమ్మే ఆయన "పీపీపీఓఈ పాతబడిపోయింది, ఐపీఓఈ పెట్టండి, లాగిన్ లేకుండానే ఐపీ అడ్రస్ అందుతుంది, పాస్‌వర్డ్ గొడవే ఉండదు" అంటున్నారు. మా పార్ట్‌నర్ మాత్రం నడుస్తున్నదాన్ని కెలకొద్దంటున్నాడు. మీరేమంటారు?

బొబ్బిలి ఫైబర్
మీ పార్ట్‌నర్ మాటే నాదీనూ. పీపీపీఓఈ 1999లో వచ్చిన పద్ధతే, కాదనను. కానీ కస్టమర్ లైన్లో ఉన్నాడో లేడో రౌటర్‌కు ఖాయంగా తెలిసేది ఇందులోనే. "ఉన్నావా" అని రౌటర్ మధ్యమధ్యలో పంపే ఎకోకు జవాబు రాకపోతే సెషన్ తెగుతుంది, ఎన్నింటికి తెగిందో రేడియస్‌లో పడుతుంది. ఏ ఐపీ ఏ సమయంలో ఎవరి దగ్గరుందని రేపు పోలీసులు అడిగితే ఆ రికార్డే దిక్కు. టెలికాం శాఖ 2021 డిసెంబర్‌లో లాగ్‌లు దాచాల్సిన గడువు ఏడాది నుంచి రెండేళ్లకు పెంచింది కదా. నాట్ లాగ్ (ఒకే బయటి ఐపీని చాలామంది పంచుకుంటే ఎవరు ఎప్పుడు వాడారో రాసేది) వేరేగా దాచాల్సిందే అనుకోండి, దాన్ని కస్టమర్ పేరుతో కలిపేది మాత్రం సెషన్ రికార్డే.

రాజాం నెట్
అన్నా, ఆ రికార్డు ఐపీఓఈలోనూ వస్తుంది. అక్కడ ఐపీలు పంచే డీహెచ్‌సీపీకి కూడా రేడియస్ అకౌంటింగ్ ఉంది. అసలు ఖర్చు ఎక్కడో చూడండి. ఇంట్లో పిల్లాడు ఓఎన్‌యూ వెనక రీసెట్ నొక్కుతాడు, యూజర్‌నేమ్ ఎగిరిపోతుంది. "నెట్ రావట్లేదు బాబూ" అని ఫోను. కుర్రాడు బండేసుకుని ఊరు దాటి వెళ్లి, రెండు నిమిషాలు టైప్ చేసి రావాలి. ఐపీఓఈలో డీహెచ్‌సీపీకి ఉండే ఆప్షన్ 82 ఆన్ చేస్తే, ఈ రిక్వెస్ట్ ఏ పోర్టు, ఏ ఓఎన్‌యూ నుంచి వచ్చిందో ఓఎల్‌టీయే రాసి పంపుతుంది. పాస్‌వర్డ్ అక్కర్లేదు. పైగా పీపీపీఓఈ ప్రతి ప్యాకెట్‌లో 8 బైట్లు తినేసి ఎమ్‌టీయూను (ఒక్క ప్యాకెట్ గరిష్ఠ సైజును) 1492కి దించుతుంది. కొన్ని సైట్లు సగం తెరుచుకుని ఆగిపోయేది అందుకే.

బొబ్బిలి ఫైబర్
ఎమ్‌టీయూ సంగతి వదిలెయ్ తమ్ముడూ. టీసీపీ ఎమ్‌ఎస్‌ఎస్ (ఒక్క ప్యాకెట్‌లో పంపే డేటా సైజు) 1452కి కట్టేస్తే ఆ ఫిర్యాదులు చాలామటుకు ఆగుతాయి, ఒక్క రూలు. ఆప్షన్ 82 దగ్గరే అసలు చిక్కు. మన కుర్రాళ్లు ఫైబర్ తెగితే ఖాళీగా ఉన్న వేరే పాన్ పోర్టుకు (ఓఎల్‌టీలో ఫైబర్ గుచ్చే చోటుకు) మార్చేస్తారు, ఆఫీసులో చెప్పరు. పీపీపీఓఈలో అయితే కస్టమర్ ఎక్కడున్నా అతనే. ఆప్షన్ 82లో పోర్టు మారితే మనిషే మారిపోతాడు. రెండు కంపెనీల ఓఎల్‌టీలుంటే ఆ వివరం రాసే తీరు కూడా ఒకేలా ఉండదు.

పలాస లైన్‌మ్యాన్
మా వైపు లెక్క కరెంటుతో మొదలవుతుంది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది, కరెంటు విడతలుగా వచ్చింది. అలా వస్తే లాగిన్లు కూడా విడతలుగా వస్తాయి, ఏ రౌటరైనా తట్టుకుంటుంది. ప్రాణం మీదకొచ్చేది మన రౌటరే రీబూట్ అయినప్పుడు. 1200 మందీ ఒక్కసారి డయల్ చేస్తారు, రేడియస్ చేతులెత్తేస్తుంది. అయినా మెల్లగా అందరూ తిరిగి ఎక్కుతారు. ఐపీఓఈలో కస్టమర్ రౌటర్‌కు మనది పడిపోయిందని తెలియదు. లీజు, అంటే ఇచ్చిన ఐపీ గడువు, గంట అయితే అరగంట దాకా అది మళ్లీ అడగదు. ఈలోపు మన రౌటర్‌లో సెషన్ లేదు, కాబట్టి నెట్ లేదు. కస్టమర్ నుంచి మామూలు ప్యాకెట్ వచ్చినా సెషన్ తెరిచే సౌకర్యం ఉందా అని కొనేముందే అడగండి. యాక్సెల్-పీపీపీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఉంది. అన్నింట్లో ఉండదు.

రాజాం నెట్
ఇది మంచి పాయింటు, ఒప్పుకుంటాను. లీజు 10 నిమిషాలకు కుదించినా పని జరుగుతుంది, డీహెచ్‌సీపీ రద్దీ కాస్త పెరుగుతుందంతే. కానీ బండి మీద తిరిగే ఖర్చు గురించి ఎవరూ జవాబు చెప్పలేదు!

విజయనగరం అడ్మిన్
ఏది పెట్టినా ముందు కస్టమర్‌కో వీలాన్ (నెట్‌వర్క్‌లో విడి దారి) ఇవ్వండి, కనీసం ఓఎల్‌టీలో పోర్ట్ ఐసొలేషన్ (ఒక కస్టమర్ ట్రాఫిక్ ఇంకొకరికి చేరకుండా ఆపేది) ఆన్ చేయండి. ఐపీఓఈలో ఇది లేకపోతే ఎవరో ఒకరు ఇంట్లో రౌటర్‌ను తిరగేసి, ల్యాన్ పోర్టును ఓఎన్‌యూకి గుచ్చుతారు. దాని డీహెచ్‌సీపీ ఆ వీధి మొత్తానికి 192.168తో మొదలయ్యే తప్పుడు ఐపీలు పంచేస్తుంది. కస్టమర్‌కో వీలాన్ ఉంటే రిక్వెస్ట్ ఎవరిదో దాన్ని బట్టే తెలుస్తుంది, ఆప్షన్ 82 మీద అంతగా ఆధారపడక్కర్లేదు. బొబ్బిలి గారూ, పోర్టు మార్చినా ఓఎన్‌యూ సీరియల్ నంబర్‌కు అదే వీలాన్ కట్టేస్తే మీ భయం కూడా తగ్గుతుంది.

బొబ్బిలి ఫైబర్
కట్టేది ఎవరండీ? ఆఫీసులో రాత్రి తొమ్మిదికి ఉండేది కలెక్షన్ అబ్బాయి ఒక్కడే. నా ఓటు మారలేదు.

టెక్కలి కేబుల్
అందరికీ థాంక్స్. కొత్త రౌటర్ రెండు పద్ధతులనూ ఒకేసారి నడుపుతుందట. అందుకే పీపీపీఓఈని కదపకుండా, ఆఫీసు పక్క వీధి పాన్ పోర్టు ఒక్కదాన్ని కస్టమర్‌కో వీలాన్‌తో ఐపీఓఈలో పెడతాను. నడిరోజున రౌటర్ రీబూట్ చేసి ఎవరు ఎంతసేపటికి తిరిగొస్తారో చూస్తాను. విజయనగరం అడ్మిన్ గారూ, మా ఓఎల్‌టీల్లో రెండు పాత ఈపాన్ రకానివి ఉన్నాయి, వాటిలో కస్టమర్‌కో వీలాన్ కుదురుతుందా?

విజయనగరం అడ్మిన్
మోడల్, ఫర్మ్‌వేర్ వెర్షన్ ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.