‘వేడి చేసింది’ అన్నది చైనా తల్లి నోట పెట్టొచ్చా?

నమస్తే అండీ. ఒక చైనా సీరియల్‌కి తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్నా. వంటింట్లో సీను. కూతురి గడ్డం మీద ఇంత మొటిమ, నోరంతా పూసి ఉంది. తల్లి పెసలు ఉడికించిన నీళ్లు గిన్నెలో పోసి ఆ పిల్ల ముందు పెట్టి ఒక్క మాట అంటుంది: ‘షాంగ్ హువో’. నా చేతికొచ్చిన ముసాయిదాలో దానికి ‘నీ అంతర్గత ఉష్ణం అధికమైంది’ అని ఉంది. ఏ తల్లయినా అలా మాట్లాడుతుందా? ఇంగ్లీషు మీదుగా వచ్చిన తిప్పలు ఇవి. నేను కొట్టేసి ‘వేడి చేసిందే నీకు’ అని రాశా. సరిచూసేవాళ్లు ఒప్పుకోలేదు, అది ఆయుర్వేదం మాటట, చైనా వైద్యానికి అతికించకూడదట.

షాంగ్ అంటే పైకెక్కడం, హువో అంటే నిప్పు. నోటిపూత, గొంతు మంట, చిగుళ్ల వాపు, మొటిమలు, మలబద్ధకం, ముక్కులోంచి రక్తం, అన్నీ ఈ నిప్పు ఖాతాలోకే వెళ్తాయి. జ్వరం మాత్రం వెళ్లదు, దానికి ‘ఫా షావ్’ అని వేరే మాట ఉంది. మనకీ అంతే కదా, ‘ఒళ్లు వేడిగా ఉంది’ అంటే థర్మామీటర్ వెతుకుతాం, ‘వేడి చేసింది’ అంటే సబ్జా గింజలు నానబెడతాం. తిండిని కూడా వాళ్లు చేత్తో పట్టుకుంటే తెలిసే వేడిని బట్టి కాకుండా గుణాన్ని బట్టి విడదీస్తారు: హాన్ అంటే బాగా చలవ, లియాంగ్ అంటే కాస్త చలవ, వెన్ అంటే కాస్త వేడి, రె అంటే బాగా వేడి, ఇవేవీ కానిది పింగ్. వేటమాంసం, అల్లం, లిచీ వేడివైపు. పెసలు, కాకరకాయ, పుచ్చకాయ చలవవైపు. అందులో సగం మా నాయనమ్మ చెప్పినట్టే ఉంది, శ్రీరామనవమి వడపప్పుకి పెసరపప్పే ఎందుకంటే ఆవిడ చెప్పే కారణమూ చలవే.

లోపలి శాస్త్రం వేరని ఒప్పుకుంటా. మనది వాత పిత్త కఫాలు, వాళ్లది యిన్ (చలవ పక్క), యాంగ్ (వేడి పక్క). వాళ్ల వైద్యులు కాలేయపు నిప్పు, కడుపు నిప్పు అని విడివిడిగా చూస్తారు, ఒంట్లో తడి తగ్గి రాజుకునే ఉత్తుత్తి నిప్పు కూడా ఒకటుంది. కానీ వంటింట్లో తల్లి శాస్త్రం మాట్లాడట్లేదు కదా!

జవాబు: వ్యాకరణం వైపు నుంచి ఒక మాట. ‘నాకు వేడి చేసింది’లో చేసిందెవరు? కర్త కనిపించడు. జలుబు చేసింది, అజీర్తి చేసింది, ఇవన్నీ అదే అచ్చు. ‘మామిడిపండు వేడి చేస్తుంది’ అన్నప్పుడు మాత్రం పండే కర్త. చైనా మాటలో నిప్పు కదిలి పైకెక్కుతోంది, మీ అనువాదంలో ఆ కదలిక పోయింది. కదలిక కావాలంటే మనకి ‘పైత్యం తలకెక్కింది’ ఉంది, కాకపోతే అది ఇప్పుడు తిట్టయిపోయింది.

జవాబు: నిప్పు మనకి లేదని ఎవరన్నారండీ? సెగగడ్డలో ఉన్న సెగ ఏంటి మరి?

నేను: సెగగడ్డ నాకు అస్సలు తట్టలేదు, దండం అండీ. రేపు మీటింగ్‌లో మొదట ఇదే పెడతా.

జవాబు: నేను దక్షిణ చైనాలోని గ్వాంగ్‌జౌలో మెడిసిన్ చదివాను. అక్కడ కాంటనీస్ భాష మాట్లాడేవాళ్లు షాంగ్ హువో కంటే ‘యిట్ హెయ్’ ఎక్కువంటారు, వేడిగాలి అని. ‘ఒక్క లిచీ, మూడు దివిటీలు’ అని సామెత కూడా ఉంది, ఒక్క పండుకే అంత నిప్పు రాజుకుంటుందని. వెళ్లిన కొత్తలో నోరు పూసిందంటే రూమ్మేట్ లియాంగ్ ఛా కొట్టుకి తీసుకెళ్లింది. పేరుకి అర్థం చల్లని టీ. నేను ఐసు వేసిస్తారనుకున్నా. నల్లగా, పొగలు కక్కుతూ, వేపాకు కషాయమే నయం అనిపించేంత చేదుగా ఇచ్చారు. చలవ దాని గుణంలో ఉందట, గిన్నెలో కాదు. 2006లో చైనా ప్రభుత్వం దీన్ని జాతీయ వారసత్వ జాబితాలో కూడా పెట్టింది. ఇక ఆ సరిచూసేవాళ్లకి ఇది చెప్పండి: 7వ శతాబ్దంలోనే సున్ సిమియావ్ అనే వైద్యుడు ముందు తిండితో నయం చేయాలి, దానికి లొంగకపోతేనే మందు ఇవ్వాలి అని రాశాడు. కాబట్టి అక్కడ వంటింటి మాటా వైద్యుడి మాటా మరీ అంత దూరం కాదు. మీ ‘వేడి చేసింది’కే నా ఓటు. (రెండు వారాలైనా నోటిపూత తగ్గకపోతే మాత్రం టీలు మానేసి డాక్టర్ దగ్గరికెళ్లండి, వృత్తిధర్మం.)

జవాబు: వేడి సరే, దాని ఎదుటి మాట సంగతేంటి? తెలుగులో చలవ అంటే దయ కూడా. ‘అంతా మీ చలవే’ అంటాం. ఎండల్లో బతికేవాళ్లం కాబట్టి అలా పుట్టిందేమో, నా ఊహ. చైనీస్‌లో నిప్పుదే మంచి పేరు, ఒక పాట అందరి నోళ్లలో నానితే ‘హువో’ అయిందంటారు. మనసు విరిగితే లియాంగ్ అయిందంటారు.

నేను: అయ్యో, నేను భయపడుతున్న చోటికే వచ్చారు! రెండు ఎపిసోడ్ల తర్వాత ఒక అత్తగారు బాలింత చేతిలోంచి బేరిపండు లాక్కుని ‘హాన్’ అంటుంది. వాళ్లు కాన్పయ్యాక నెల రోజులు పథ్యం చేయిస్తారు, అల్లం వేసి వండిన మాంసం, గోరువెచ్చని నీళ్లు, చన్నీళ్లు ముట్టనివ్వరు. మన కాయం ముద్ద, శొంఠిపొడి అన్నం లాంటిదే. ఇప్పుడు అక్కడ ‘చలవ’ అని రాస్తే, మంచిదే కదా, తిననివ్వొచ్చుగా అనుకుంటారు చూసేవాళ్లు. ‘వాతం చేస్తుంది’ అంటే అతికినట్టుంటుంది కానీ అప్పుడు నిజంగానే ఆయుర్వేదం దూరిపోతుంది. ప్రస్తుతానికి ‘పచ్చి బాలింతవి, చలవ పడదు’ అని పెట్టా. మీ ఇళ్లలో బాలింతకి దోసకాయ వద్దనేటప్పుడు ఏమంటారో ఆ మాట ఉన్నదున్నట్టు రాయండి, ఏ జిల్లానో కూడా చెప్పండి.