లోన్ తీరిపోయినా నా కాంటాక్టులు వాళ్ల దగ్గరే ఉంటాయా?

నిరుడు ఒక యాప్‌లో చిన్న లోన్ తీసుకున్నాను. ఒక్క వాయిదా కూడా తప్పకుండా కట్టి, ఎన్‌ఓసీ (బాకీ లేదని ఇచ్చే కాగితం) తీసుకుని, అకౌంట్ డిలీట్ చేసి యాప్ తీసేశాను. ఆ సంగతే మర్చిపోయాను.

పోయిన వారం మా పెద్దొదిన ఫోన్ చేసింది. ఎవరో లోన్ ఇస్తామని కాల్ చేసి, "పెద్దొదిన గారేనాండీ?" అని అడిగాడట! నా ఫోన్‌లో ఆవిడ నంబర్ ఉన్నది ఆ పేరుతోనే. ఆవిడను అలా పిలిచేది నేనొక్కదాన్నే. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నా డేటా మొత్తం తీసేయమని కంపెనీకి మెయిల్ పెడితే ఒక్క లైన్ జవాబు: "చట్టప్రకారం మీ డేటా 5 ఏళ్లు ఉంచాలి." నిజమేనా?

జవాబు 1

సగం నిజం. మనీ లాండరింగ్ నిరోధక చట్టం కింద కేవైసీ (గుర్తింపు ధ్రువీకరణ) కాగితాలు, అకౌంట్ రికార్డులు అకౌంట్ మూసేశాక 5 ఏళ్లు దాచాల్సిందే. మీ పాన్, ఆధార్ వివరాలు ఇప్పుడే తీసేయమంటే తీసేయరు. కానీ ఆ చట్టానికీ మీ పెద్దొదిన గారి నంబర్‌కీ ఏం సంబంధం? లోన్ యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులు, కాల్ లాగ్, ఫొటోల జోలికి పోకూడదని ఆర్‌బీఐ 2022లోనే చెప్పింది. కెమెరా, లొకేషన్ లాంటివైనా కేవైసీ కోసం ఒక్కసారి, అదీ మీరు ఒప్పుకుంటేనే.

"నా డేటా" అని గుండుగుత్తగా అడగకండి. "నా కాంటాక్ట్ లిస్ట్ ఏ చట్టం, ఏ సెక్షన్ కింద ఉంచుకున్నారు?" అని ఆ కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే ఆర్‌బీఐ ఫిర్యాదుల వెబ్‌సైట్ అయిన సీఎంఎస్ పోర్టల్‌లో అంబుడ్స్‌మన్‌కి (ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అధికారికి) ఫిర్యాదు చేయొచ్చు. అప్పిచ్చిన సంస్థకు అసలు రిజిస్ట్రేషనే లేకపోతే అది వేరే కథ, అలాంటి సంస్థల మీద ఫిర్యాదులు తీసుకునే సచేత్ పోర్టల్‌కి వెళ్లాలి.

జవాబు 2

2023 డేటా చట్టం (వ్యక్తిగత డేటా రక్షణ చట్టం) ఉందిగా అని ఎవరైనా అంటారు, ముందే చెప్తున్నా. సమ్మతి ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకోగలగాలనీ, తీసుకున్నాక డేటా చెరిపేయాలనీ అందులో ఉంది. ఏ డేటా ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసు తెలుగులో కూడా అడగొచ్చు. కానీ రూల్స్ వచ్చిందే 2025 నవంబర్‌లో. ఈ ముఖ్యమైన సెక్షన్లకు 18 నెలల గడువిచ్చారు, అంటే 2027 మే దాకా ఆగాలి. 250 కోట్ల దాకా జరిమానా అని పేపర్లలో చూసి సంబరపడకండి, అది మన చేతికొచ్చే డబ్బు కాదు.

ఇంకోటి, యాప్ తీసేస్తే కొత్తగా ఏమీ లాక్కోలేదు, అంతే. ఎప్పుడో సర్వర్‌కి ఎక్కిన లిస్టు అక్కడే ఉంటుంది.

ప్రశ్న అడిగినావిడ

థాంక్సండీ. మీరు చెప్పినట్టే రాశాను. నాలుగో రోజు మెయిల్ కాదు, ఫోన్ వచ్చింది. "కాంటాక్ట్స్ తీసేశాం మేడమ్" అన్నాడు. అసలు ఎందుకు తీసుకున్నారంటే మాట్లాడలేదు. ఆ తీసేసిన ముక్కైనా మెయిల్‌లో రాయమంటే "పైవాళ్లను అడగాలి" అని పెట్టేశాడు. 30 రోజుల్లో ఇంకా 26 ఉన్నాయి, లెక్కపెడుతున్నా.

పెద్దొదిన నంబర్ మాత్రం ఆవిడ అసలు పేరుతో సేవ్ చేశాను.