అంగన్‌వాడీ గోడల నిండా బొమ్మలు ఉండాలా?

పాలమూరు టీచర్: మా కేంద్రానికి పెయింటింగ్ వేయిస్తామన్నారు. అక్షరాలు, పండ్లు, జంతువులు, శరీర భాగాలు, అన్నీ నాలుగు గోడల మీదా. పిల్లలు కూర్చుని కథ వినే వైపు గోడనైనా ఖాళీగా వదలమంటున్నాను. మీరేమంటారు?

సిరిసిల్ల అక్క: వద్దు టీచర్. పక్క వీధిలో ప్రైవేటు ఎల్‌కేజీ గోడలు రంగురంగులుగా ఉంటే, మన బోసి గోడ చూసి ఏ తల్లి పంపిస్తుంది? ఇంట్లో ఒక్క పుస్తకం కూడా లేని పిల్లలున్నారు. వాళ్లకు అక్షరం కనబడేది ఈ గోడ మీదే.

బాలవిద్య విద్యార్థి: దీని మీద 2014లో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్లు ఒక అధ్యయనం ప్రచురించారు. కిండర్‌గార్టెన్ పిల్లలకు కొన్ని సైన్సు పాఠాలు చార్టులతో నిండిన గదిలో, కొన్ని ఖాళీ గోడల గదిలో చెప్పారు. తర్వాత పెట్టిన పరీక్షలో నిండు గది పాఠాలకు సరైన జవాబులు 42 శాతం, ఖాళీ గది పాఠాలకు 55 శాతం. నిండు గదిలో పిల్లల చూపు పాఠం మీద నుంచి ఎక్కువసేపు పక్కకు పోయింది.

సిరిసిల్ల అక్క: ఎంతమంది పిల్లలు?

బాలవిద్య విద్యార్థి: 24 మంది.

సిరిసిల్ల అక్క: అదీ సంగతి. మాకున్నది ఒకటే గది. మూడేళ్ల వాళ్లూ ఐదేళ్ల వాళ్లూ కలిసే కూర్చుంటారు. ఓ మూల బాలామృతం ప్యాకెట్లు, ఇంకో మూల గుడ్ల ట్రేలు. పిల్లల ధ్యాస చెదిరేది బొమ్మల వల్లేనంటే ఎలా నమ్మను?

పాలమూరు టీచర్: అక్కా, గది అంత ఇరుకు కాబట్టే నా బాధ. నేను బొమ్మలే వద్దనడం లేదు. మూడేళ్ల బిడ్డ ఎత్తు మూడడుగులు. మనం ఐదడుగుల ఎత్తున వేయించే బొమ్మలు ఎవరి కోసం? తనిఖీకి వచ్చేవాళ్లకే బాగా కనబడతాయి. ఢిల్లీలోని విన్యాస్ సంస్థ యూనిసెఫ్ సాయంతో 'బాలా' అనే పద్ధతి తయారుచేసింది. అందులో కట్టడమే బోధన సామగ్రి. గోడ కింది భాగాన్ని పిల్లలు గీసుకునే నల్లబల్లగా మారుస్తారు, తలుపు తిరిగే చోట నేల మీద కోణాలు గీస్తారు. కోణాలు మన పిల్లలకు అక్కర్లేదు గానీ, కింది గోడ మొత్తం వాళ్ల చేతికిచ్చేయాలని నాకుంది. చార్టులంటారా, ఆ వారం పాఠానికి పనికొచ్చేవి రెండో మూడో తగిలిస్తే చాలు. వారం కాగానే మార్చేయొచ్చు.

సిరిసిల్ల అక్క: కింది గోడ మాట బాగుంది, ఒప్పుకుంటాను. అక్షరాలు మాత్రం ఏడాదంతా కళ్ల ముందు ఉండాల్సిందే.

సూపర్‌వైజర్: మా దగ్గర పెయింటర్‌కు చదరపు అడుగు లెక్కన ఇస్తారు. ఖాళీ వదలమంటే వినడు. ఏ గోడకు ఏం కావాలో ముందే కాగితం మీద గీసిచ్చి సంతకం పెట్టించుకోండి టీచర్ గారూ.