180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు వల్ల విద్యార్థికి ఏం వస్తోంది?

మూడోబెంచి: ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో చేరిన బ్యాచి నుంచి డిగ్రీ మొదటి ఏడాది వేసవిలో ఇది తప్పనిసరి. ఇంటింటి సర్వే, అవగాహన కార్యక్రమం, ఏ రోజు పని ఆ రోజు రాసే లాగ్‌బుక్, నివేదిక. మా తరగతిలో చాలామంది నివేదికను జిరాక్స్ షాపులో కొన్నారు. బలవంతంగా చేయించేది సేవ ఎలా అవుతుంది?

చాక్‌పీసు: 1969లో 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైన జాతీయ సేవా పథకం (ఎన్ఎస్ఎస్)లో ఇష్టమున్నవాళ్లే చేరుతున్నారు. ఏడాదికి 120 గంటలు, రెండేళ్లు. మరి మిగతావాళ్లు ఊరు చూసేది ఎప్పుడు? నా విద్యార్థిని ఒకమ్మాయి గడపలో నిలబడి, పలకరింపైనా లేకుండా ‘మీ ఆదాయం ఎంత?’ అని అడిగి తలుపు వేయించుకుంది. పదో ఇంటికి వచ్చేసరికి ముందు గేదె ఎన్ని పాలిస్తోందో అడగడం, అప్పుల సంగతి వాళ్లంతట వాళ్లు చెప్పేదాకా ఆగడం తెలిసింది. ఇది ఏ సిలబస్‌లో ఉంది?

మూడోబెంచి: 180 గంటలంటే రోజుకు ఆరు చొప్పున 30 రోజులు. మే నెల ఎండలో ఆరు గంటలు ఎవరు తిరిగారో చెప్పండి.

ఉప్పుమిరప: బస్సు ఛార్జీలు ఎవరిస్తారో కూడా చెప్పండి.

చాక్‌పీసు: గంటల లెక్క వదలరా? నేను నేర్పు గురించి మాట్లాడుతున్నాను.

మూడోబెంచి: నేను నిజంగానే తిరిగాను సార్. తాగునీటి మీద చేత్తో రాసి ఇచ్చాను. రంగుల ఫొటోలతో కొన్న నివేదికకు నాకంటే ఎక్కువ మార్కులు వేశారు. వేసింది మీలాంటివాళ్లే.

చాక్‌పీసు: మాటలు జాగ్రత్త. ప్రాజెక్టు చూసే ఒక్కో అధ్యాపకుడి ముందు ఎన్ని లాగ్‌బుక్కులు గుట్ట పడతాయో ఎప్పుడైనా చూశారా?

రచ్చబండ: మీ ఇద్దరి గొడవా మార్కుల గురించే. మా ఊరికి ఏటా పిల్లలు వస్తున్నారు, ఏటా ఆ చెడిన బోరు గురించే అడుగుతున్నారు. మా అప్పులు, మరుగుదొడ్లు, జబ్బులు అన్నీ రాసుకుంటారు. పంచాయతీకి ఒక్క ప్రతి కూడా రాలేదు. గేదె పాల గురించి అడిగి మనసులో మాట రాబట్టడం గొప్ప నేర్పే, కాదనను. రాబట్టిన మాట ఏమైంది?

చాక్‌పీసు: నివేదికను గ్రామసభలో చదివించవచ్చు కదా?

రచ్చబండ: బోరు చెడిందని సభలో చదివితే మరుసటి ఏడాది వచ్చే పిల్లల కాగితాల మీద సర్పంచి సంతకం పెడతాడా? ఆయనకు రచ్చ వద్దు, మీకు సంతకం కావాలి.

మూడోబెంచి: అయితే మార్కులు ఊరివాళ్లనే వేయమనాలి.

చాక్‌పీసు: విశ్వవిద్యాలయం ఒప్పుకోదు.

రచ్చబండ: సర్వేకు మేము ఒప్పుకున్నామా అని ఎవరైనా అడిగారా?